మీరే వస్తారుగా?

పెళ్లి కుదిరింది. ముహూర్తం పెట్టుకున్నారు. ఫంక్షన్‌ హాలు దొరికింది. ఇక ఫొటోగ్రాఫరు... 'ఫలానా స్టూడియోకి చెప్పండి' అనే రోజులు పోయాయి. 'ఫలానా అతను ఆరోజు ఖాళీగా ఉన్నాడేమో కనుక్కోండి' అంటున్నారిప్పుడు. కెమెరా వెనకాల నిలబడే మనిషి పేరుకి అంత విలువొచ్చింది. ఆ పేరు ఎలా వస్తుంది? వచ్చాక ఏమవుతుంది?

మండపంలో అడ్డుతెర పట్టారు. ఇవతల పెళ్లికొడుకు. అవతల మేనమామలు బుట్టలో తెచ్చి కూర్చోబెట్టిన పెళ్లికూతురు. పురోహితుడు మంత్రం చదువుతూనే మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. లగ్నం వచ్చేసింది. జీలకర్ర బెల్లం పెట్టిన తమలపాకు ఒకరి తల మీద ఒకరు ఉంచారు. మేళగాళ్లు ఒక్కసారిగా అందుకున్నారు. తెర దిగింది. అమ్మాయి కళ్లెత్తి చూసింది. అబ్బాయి నవ్వబోయి... ఎదురుగా మామగారున్నారని గుర్తొచ్చి ఆగిపోయాడు.

అంతా కలిపి మూడు నాలుగు సెకన్లు!

ఆ క్షణంలో కెమెరా పట్టుకున్నవాడు సరైన చోట ఉండాలి. అతని ముందుకు ఏ బాబాయీ సెల్‌ఫోను పట్టుకుని రాకూడదు. కార్డులో చోటుండాలి. ఫోకస్‌ తెర మీద కాకుండా కళ్ల మీద ఉండాలి. ఏ ఒక్కటి తప్పినా 'ఇంకోసారి' అనడానికి లేదు. సినిమా షూటింగు కాదుగా.

ఇలాంటి క్షణాలు పెళ్లికి ఓ పది ఉంటాయి. వాటిని వదలకుండా పట్టుకున్నవాడి మాట పెళ్లివారి నోట పది ఊళ్లకి వెళుతుంది. దాన్నే ఇప్పుడు 'బ్రాండ్‌' అంటున్నారు.

ఫొటో వెనక రబ్బరు ముద్ర

పాతికేళ్ల కిందట పెళ్లయిన వాళ్లింట్లో బీరువా అడుగున ఉన్న ఆల్బమ్‌ తీసి చూడండి. అట్టల మధ్యన సాలెగూడు అచ్చు ఉన్న పల్చటి కాగితాలు. ఓ ఫొటో ఊడదీసి వెనక్కి తిప్పితే ఊదారంగు ముద్ర. స్టూడియో పేరు, బస్టాండు ఎదురుగానో సినిమాహాలు పక్కనో ఉన్న చిరునామా. తీసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. స్టూడియోకి సాధారణంగా దేవుడి పేరు, లేదంటే యజమాని కొడుకు పేరో కూతురి పేరో. పెళ్లికి వెళ్లి తీసేది యజమానా, కుర్రాడా అన్నది ఆ పూట దుకాణంలో ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉండేది. పెళ్లివారూ పట్టించుకునేవారు కాదు.

అప్పటి లెక్కలే వేరు. యాషికా కెమెరాలో 120 ఫిల్ము వేస్తే పన్నెండు ఫొటోలు. 35 ఎం.ఎం. రీలయితే ముప్ఫై ఆరు. 'ఎన్ని రీళ్లు?' అన్నదాని మీదే బేరం. అందుకని ప్రతి నొక్కుకీ ఆలోచన ఉండేది. అందర్నీ వరసగా నిలబెట్టి, పిల్లల్ని కింద కూర్చోబెట్టి, 'కదలకండి' అంటూ ఒక్కటంటే ఒక్కటి తీసేవారు. ఆ గ్రూపు ఫొటోల్లో ఎవరూ నవ్వరు. అయినా వాటికో గొప్పదనం ఉంది. ఇంట్లో పెద్దాయన పోతే దండ వేయడానికి పటం కావాలి. ఆయన బతికుండగా విడిగా ఫొటో దిగి ఉండరు. ఎప్పుడో ఎవరి పెళ్లిలోనో దిగిన గ్రూపు ఫొటోలోంచే ఆ ముఖాన్ని విడదీసి పెద్దది చేయించేవారు. పదేళ్ల నాటి నెగెటివుని అడగ్గానే వెతికి ఇచ్చే స్టూడియో అంటే ఊళ్లో గౌరవం. పేరంటే ఆ రోజుల్లో అదే.

తరవాత వీడియో వచ్చింది. కళ్లు బైర్లు కమ్మే లైటు, దాని వెనకాల వైరు చుట్ట పట్టుకుని ఓ కుర్రాడు. దాంతోపాటే మిక్సింగ్‌! పువ్వు విచ్చుకుంటే అందులో వధువు, గుండె బొమ్మలో వరుడు, ఇద్దరి వెనకా తాజ్‌మహల్‌. 2000 దాటాక కరిజ్మా ఆల్బమ్‌ రాజ్యమేలింది. పేజీ తిప్పితే ఒకే పెళ్లికూతురు ఆరుచోట్ల! ఇప్పుడు నవ్వుకుంటాంగానీ, 'మాకూ అలాగే చేయించండి' అని పక్కింటివాళ్లు అడిగారంటే అదీ ఓ రకం పేరే. కాకపోతే ఆ పేరులో సగం కంప్యూటరు ముందు కూర్చున్న డిజైనరుది.

నిజాం మెచ్చిన కెమెరా

ఆ మాటకొస్తే ఫొటోగ్రాఫరు సొంత పేరుతో వెలిగిపోవడం హైదరాబాదుకి కొత్తేమీ కాదు. లాలా దీన్‌దయాళ్‌ది మీరట్‌ దగ్గరి సర్ధనా. పుట్టింది 1844లో. ఇందోరులో ప్రజాపనుల శాఖలో పనిచేస్తూ కెమెరా పట్టాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు. 'ముసవ్విర్‌ జంగ్‌' అన్న బిరుదు ఆయన ఇచ్చిందే. 1897లో విక్టోరియా రాణి నుంచి కూడా గుర్తింపు వచ్చింది. అంతకన్నా పెద్ద ప్రచారం ఇంకేం కావాలి?

అయితే వీటన్నిటికన్నా తెలివైన పని 1892లో చేశాడు. పరదా పాటించే స్త్రీలు మగవాడి కెమెరా ముందుకి రారు. వాళ్లకోసం హైదరాబాదులో జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఓ ఇంగ్లిషు మహిళకి అప్పగించాడు. ఫొటో దిగాల్సినవాళ్ల ఇబ్బంది ఏమిటో కనిపెట్టి దాన్ని తీర్చడం... బిరుదులకన్నా అదే ఎక్కువ పనిచేసి ఉండాలి. ఈ కాలపు పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఫేస్‌బుక్‌ పాఠాలకు ముందు చదువుకోవాల్సిన పాఠం ఇది.

గోడ దాటిన పేరు

పెళ్లి ఫొటోల ధోరణి మారడానికి ఒక్క కారణం చెప్పలేం. అమెరికాలో డెనిస్‌ రెగీ అనే ఫొటోగ్రాఫరు పెళ్లిని వార్తలా తీయాలంటూ ఓ ఒరవడి తెచ్చాడు. 1996లో జాన్‌ ఎఫ్‌. కెన్నెడీ జూనియర్‌ పెళ్లి చేసుకుని ప్రార్థనామందిరం మెట్లు దిగుతూ భార్య చేతిని ముద్దాడిన ఫొటో ఆయన తీసిందే. నిలబెట్టి తీసింది కాదు... జరుగుతుంటే తీసింది. మనవాళ్లు 'క్యాండిడ్‌' అంటున్నది దాన్నే. డిజిటల్‌ కెమెరా వచ్చి రీళ్ల భయం పోగొట్టింది. 2008లో వచ్చిన కెనాన్‌ 5డి మార్క్‌ 2తో ఫొటోలు తీసే కెమెరాతోనే సినిమాలాంటి వీడియో తీయడం సాధ్యమైంది. ఆ తరవాత ఫేస్‌బుక్కు, 2010లో ఇన్‌స్టాగ్రామ్‌.

అక్కడ మారింది అసలు కథ. అంతవరకూ ఫొటోగ్రాఫరు పేరు అతని వీధి దాటేది కాదు. పెళ్లి జరిగిన ఇంటి గోడకో, ఆల్బమ్‌కో పరిమితమయ్యేది. ఇప్పుడు భీమవరంలో తీసిన ఫొటోని తెల్లారేసరికి డాలస్‌లో ఉన్న పెళ్లికూతురి స్నేహితురాలు చూస్తోంది. 'ఎవరు తీశారే?' అని అడుగుతోంది. ఆర్నెల్ల తరవాత ఆ అమ్మాయి పెళ్లికి ఫోను వస్తుంది. ముఖం చూడకుండా, స్టూడియో ఎక్కడుందో తెలియకుండా, వాట్సప్‌లోనే మాటలు, అడ్వాన్సూ! వీధిలోవాళ్లని అడిగి తెలుసుకునే వీల్లేని చోట పేరొక్కటే ఆధారం.

సినిమా పెళ్లిళ్లు దీన్ని ఇంకాస్త ఎగదోశాయి. 2017 డిసెంబరులో ఇటలీలో జరిగిన విరాట్‌ కోహ్లీ, అనుష్క శర్మల పెళ్లి ఫొటోలు బయటికి రాగానే వధువు లెహంగా ఎవరు కుట్టారన్నదానితో పాటు ఫొటోలు ఎవరు తీశారన్నదీ జనం అడిగారు. జోసెఫ్‌ రాధిక్‌ పేరు అలా ఇంటింటికీ తెలిసింది. ఆ తరవాత బీటెక్‌ చదివి, వారమంతా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగం, శనాదివారాలు కెమెరా పట్టే కుర్రాళ్లు బోలెడుమంది పుట్టుకొచ్చారు. ముందు పేజీ, తరవాత లోగో, ఆ తరవాత కెమెరా కొనుక్కునేవాళ్లూ లేకపోలేదు!

తెర ఎప్పుడు దిగుతుందో తెలియాలి

కెమెరా అందరి దగ్గరా ఉంది. ఒకేలాంటి లెన్సులు, ఒకేలాంటి రంగులు, ఒకేలాంటి పాటలు. మరి తేడా ఎక్కడ? తంతు తెలియడంలో.

చాలామంది పెళ్లంటే మూడు ముళ్లనుకుంటారు. మన పెళ్లిళ్లలో సుముహూర్తమంటే జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. మూడు ముళ్లు ఆ తరవాత, ఓ అరగంటకో గంటకో. ఇది తెలియని ఫొటోగ్రాఫరు సుముహూర్తం వేళకి బయట పూల అలంకరణ తీస్తూ దొరికిపోతాడు. కాళ్లు కడిగేటప్పుడు అందరి కళ్లూ పళ్లెం మీదుంటాయి, అసలు ఫొటో మాత్రం నీళ్లు పోస్తున్న వధువు తల్లి ముఖంలో ఉంటుంది. తలంబ్రాల వేళ వధూవరులు పోటీపడే సందడిలో ఓ మూల నానమ్మ నోటికి కొంగు అడ్డుపెట్టుకుని నవ్వుతుంటుంది. ఇక అప్పగింతలు... అక్కడ లెన్సు ఎంత దూరంలో ఉంటే అంత మంచిది. ఏడుస్తున్న తండ్రి ముఖం మీదికి కెమెరా తీసుకెళ్లేవాడికి నైపుణ్యం ఉండొచ్చు, మర్యాద తెలియదు.

అందుకే తెలివైనవాళ్లు పెళ్లి ముందురోజే పురోహితుణ్ని కలుస్తారు. ఏ క్రతువు ఎప్పుడు, ఏది క్లుప్తంగా ముగిస్తారు, హోమం పొగ ఎటు వెళ్తుంది... అన్నీ అడిగి రాసుకుంటారు. కోనసీమ పెళ్లి, కరీంనగర్‌ పెళ్లి ఒకలా ఉండవు. నిఖా, చర్చి పెళ్లి వేరు. చర్చిలో ప్రమాణాలు చేస్తుండగా ఫ్లాష్‌ వెలిగిస్తే ఫాదర్‌ ఒప్పుకోకపోవచ్చు. ముందే అడగాలి. ఇంట్లో పెద్దవాళ్ల జాబితా కూడా తీసుకోవాలి. ఎవరు పెద్దత్త, ఎవరు అమెరికా నుంచి పదేళ్ల తరవాత వచ్చిన మేనమామ, మంచం దిగలేని తాతయ్య ఏ గదిలో ఉన్నాడు. ఇవేవీ ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులు తెచ్చే ఫొటోలు కావు. కానీ రెండేళ్ల తరవాత ఆ ఇంటి నుంచి ఫోనొస్తే, 'తాతయ్యది ఇంకో ఫొటో ఏదన్నా ఉందా?' అనే వస్తుంది.

'కాస్త పక్కకి జరగండి'

పేరు కోసం పడే తాపత్రయంలో ఓ చిక్కుంది. ఫొటోగ్రాఫరు ఎవరికోసం తీస్తున్నాడు? పెళ్లివారి ఆల్బమ్‌ కోసమా, తన పేజీ కోసమా?

ముందువరసలో కూర్చున్న పెద్దమ్మల్ని అడిగితే టక్కున చెబుతారు. అక్షతలు చేత్తో పట్టుకుని కూర్చుంటే వాళ్లకి కనిపించేది నలుగురు నల్లచొక్కాల వీపులు! క్యాండిడ్‌కి ఒకరు, సంప్రదాయ ఫొటోలకి ఒకరు, వీడియోకి ఇద్దరు. పైన డ్రోను రొద. దీనికి తోడు 'అన్నా, తాళి కొంచెం పైకెత్తి ఇటు చూడు', 'పంతులుగారూ ఒక్క నిమిషం'. లగ్నం ఫొటోగ్రాఫరు కోసం ఆగదు, పురోహితుడు ఆపుతున్నాడంతే! వేసిన అక్షతలు వధూవరుల మీద పడకుండా కెమెరామన్ల తలల మీద పడుతున్నాయని చెప్పుకునే హాస్యంలో వెక్కిరింతకన్నా బాధే ఎక్కువ.

ప్రీవెడ్డింగ్‌ షూట్‌లు వేరే సంగతి. అది సరదా, ఎన్నిసార్లు తీయించుకున్నా తప్పులేదు. పెళ్లిరోజున మాత్రం దర్శకుడి పాత్ర పురోహితుడిదే. మండపం కింద, పక్కగా నిలబడి పొడవాటి లెన్సుతో తీయడం కష్టమేమీ కాదు. కాకపోతే తను కనిపించడు. కనిపించకుండా పేరు తెచ్చుకోవడమన్నది ఈ వృత్తిలో ఉన్న వింత.

ఒకటే ముహూర్తం... నాలుగు పెళ్లిళ్లు

ఏ వ్యాపారానికైనా ఎదగడం పండగ. ఇక్కడ మాత్రం పరీక్ష. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, భాద్రపదంలో ఉండవు, పుష్యంలో ఉండవు. మూఢమొస్తే నెలల తరబడి ఖాళీ. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే ఒకే రాత్రి ఊళ్లో ఉన్న హాళ్లన్నీ నిండిపోతాయి. పేరున్న ఫొటోగ్రాఫరుకి ఒకే తేదీకి మూడు నాలుగు ఫోన్లు. ఏడాది సంపాదన అంతా ఆ కొద్ది రాత్రుల్లోనే. ఇంటద్దె, కెమెరాల మీద తీసుకున్న అప్పు వాయిదాలు మాత్రం ఆషాఢమని ఆగవు.

అప్పుడు ఏం చేస్తాడు? ఒప్పుకుంటాడు. ఒక చోటికి తను వెళతాడు, మిగతా చోట్లకి మనుషుల్ని పంపిస్తాడు. వాళ్లలో రెండేళ్లుగా తనతో ఉన్నవాళ్లుంటారు, రోజుకూలీ మీద ఆ పూటకి తెచ్చుకున్నవాళ్లూ ఉంటారు. పెళ్లివారు పేరు చూసి డబ్బిచ్చారు. మండపం దగ్గరికి వచ్చింది ఎవరో! గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. ఫొటోలు బాగానే ఉన్నా సరే, 'ఆయన రాలేదు' అన్న మాట ఆల్బమ్‌కన్నా ముందు బంధువుల్లో తిరుగుతుంది.

అందుకే ఇప్పుడు ఫోన్లో ధర అడిగేముందే అడుగుతున్నారు... 'మీరే వస్తారుగా?'

ఈ ప్రశ్నకి నిజాయతీగా చెప్పే జవాబులు రెండున్నాయి. 'నేనే వస్తాను, అందుకే ఆరోజు ఇంకొకటి ఒప్పుకోను' అనేది ఒకటి. దీనికి ధర ఎక్కువ, సంపాదనకి హద్దు. 'నేను రాను, మా జట్టు వస్తుంది, వాళ్లు తీసిన పెళ్లి ఒకటి మొదటి నుంచి చివరిదాకా చూపిస్తాను' అనేది రెండోది. దీనికి నాలుగేళ్లు కుర్రాళ్లకి పని నేర్పాలి, జీతాలివ్వాలి, ఫొటో కింద వాళ్ల పేర్లూ వేయాలి. సొంత పేరు పెట్టుకున్నవాడు ఈ దారి పట్టడం మరీ కష్టం. తన పేరు తీసేస్తే మిగిలేదేమిటో తనకే తెలియదు. చాలామంది ఈ రెండూ కాకుండా 'చూద్దాం లెండి, వచ్చేస్తా' అంటారు. అదే ముంచుతుంది.

పెళ్లివారికీ ఓ కిటుకుంది. పేజీలో మెరిసే పాతిక ఫొటోలు చూసి మోసపోవద్దు. ఏదైనా ఒక్క పెళ్లివి, మొత్తం ఫొటోలు చూపించమనాలి. మధ్యాహ్నం ఎండలో, ట్యూబులైటు వెలుగులో భోజనాల దగ్గర తీసినవి కూడా. పేరు వెనక పని ఎంతుందో అక్కడ బయటపడుతుంది.

కాగితం మీద ఏముంది?

చాలామంది ఫొటోగ్రాఫర్లకే తెలియని విషయం ఒకటుంది. పెళ్లిలో తీసిన ఫొటో ఎవరిది? 'నేను తీశాను, నాదే' అనుకుంటారు. 1957 నాటి కాపీరైట్‌ చట్టంలోని 17వ సెక్షన్‌ ప్రకారం, ఒకరు అడిగి, సొమ్మిచ్చి తీయించుకున్న ఫొటో మీద హక్కు మొదట ఆ తీయించుకున్నవారిదే, వేరే ఒప్పందం రాసుకోకపోతే! అంటే పెళ్లికూతురి ఫొటోని తన పేజీలో పెట్టుకోవాలన్నా ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోలు ఉండాలి. 'అడగడమెందుకు, వాళ్లకీ సంతోషమేగా' అనుకుంటే ఎప్పుడో ఒకసారి దెబ్బతింటారు. కొందరికి ఇంటి ఆడపిల్లల ఫొటోలు బయట పెట్టడం ఇష్టముండదు. పెళ్లి తరవాత విడిపోయిన జంటలూ ఉంటారు. వాళ్ల నవ్వులు ఇంకొకరి ప్రకటనలో మిగిలిపోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఆ ఒప్పందంలోనే మిగతావీ రాసుకుంటే సగం తగాదాలు తప్పుతాయి. వచ్చేది ఎవరు, ఫొటోలు ఎప్పటికిస్తారు, ఆల్బమ్‌ ఎన్ని పేజీలు, ముహూర్తం మారితే అడ్వాన్సు సంగతేమిటి. పేరుని కాపాడుకోవడానికి ట్రేడ్‌మార్కుల చట్టం ఉంది. ఫొటోగ్రఫీ సేవలు 41వ తరగతిలోకి వస్తాయి. వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే రుసుము 4,500 రూపాయలు. లోగో కోసం అంతకు రెట్టింపు ఖర్చు పెట్టి, దీన్ని మాత్రం మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదూ తప్పదు.

ఇక అన్నిటికన్నా పాడుపేరు తెచ్చేది ఆలస్యం. పెళ్లయి, సీమంతమైనా ఆల్బమ్‌ రాలేదన్న ఫిర్యాదు ఏ ఊళ్లోనైనా వినిపిస్తుంది. సీజనులో తీసుకుంటూ పోతారు, ఎంచడానికీ రంగులు సరిచేయడానికీ మనుషులుండరు. ఫోను చేస్తే ఎత్తరు. ఒక్క ఫోను ఎత్తి 'ఇంకో పదిహేను రోజులండీ' అని చెప్పినా సర్దుకుపోయేవాళ్లు, ఎత్తకపోయేసరికి ఊరంతా చెబుతారు.

తెల్లవారుజామున మూడున్నర. అరుంధతీ నక్షత్రం చూపించడం అయింది. బంధువుల్లో సగంమంది కుర్చీల్లోనే నిద్రపోతున్నారు. ఫంక్షన్‌ హాలు మెట్ల మీద కూర్చుని ఫొటోగ్రాఫరు కార్డుల్లోని ఫొటోల్ని రెండు హార్డుడిస్కుల్లోకి ఎక్కిస్తున్నాడు. రెండూ నిండేదాకా కార్డులు చెరపడు. ఒకటి తన సంచిలో పెట్టుకుంటాడు, రెండోది తమ్ముడి చేతికిచ్చి వేరే బండిలో పంపిస్తాడు. దారిలో ఒకటి పోయినా రెండోది మిగులుతుంది.

వధువు తల్లి వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో వేడి ఉప్మా ప్లేటు.

''బాబూ, నువ్వేమీ తిన్నట్టు లేదు. ముందిది తిను.''

ప్లేటు అందుకున్నాడు. ఆవిడ వెళ్లలేదు.

''వచ్చే మాఘంలో మా చిన్నదాని పెళ్లి అనుకుంటున్నాం. పన్నెండో తేదీ. ఎవర్నో పంపించకు సుమా. నువ్వే వస్తావుగా?''

డైరీ తీశాడు. ఆ తేదీ పక్కన పెన్సిలుతో రాసిన రెండు పేర్లు అప్పటికే ఉన్నాయి.